ముచ్చట మోసే వైరు

ఆ ఎండాకాలం మా నాయిన నాతో నలభై మూడు రోజులు మాట్లాడలేదు.

కోపమొస్తే అరిచే మనిషి కాదాయన. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఒక సందులో ఆయనకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన బోరు మోటార్లు, కూలర్ మోటార్లు, పిండిగిర్నీ మోటార్లు తెచ్చి పడేసేవాళ్ళు. లోపలి రాగితీగంతా తీసేసి, కొత్త తీగ చుట్టి, పైన వార్నిష్ పోసి ఇచ్చేవాడు. మట్టయ్య చుట్టిన మోటారు పదేళ్ళు మొరాయించదని వనస్థలిపురం దాకా పేరు. ఇప్పుడక్కడ కర్రీ పాయింటు ఉంది. బస్సులో అటుగా పోయినప్పుడల్లా వార్నిష్ వాసన వస్తుందేమోనని కిటికీ వైపు తల తిప్పుతాను. సాంబారు వాసన వస్తుంది.

మాట్లాడకపోవడానికి కారణం నేనే. డిగ్రీ అయ్యాక రెండేళ్ళు నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో సర్కారు కొలువుల కోచింగ్‌కు పంపాడు. షాపుకొచ్చిన ప్రతి మనిషికీ నా సంగతి చెప్పేవాడు. "మా జ్యోతిక పరీచ్ఛ రాస్తుంది. కుర్సీల కూసుంటది." పరీక్ష ఫిబ్రవరిలో ఒక ఆదివారం. సెంటరు దాకా పోయాను. గేటు దగ్గర వరుసలో నిలబడ్డాను. నా ముందు నలుగురే ఉండగా పక్కకు వచ్చేశాను. మెట్రో ఎక్కి ఆ చివర మియాపూర్ దాకా, మళ్ళీ ఈ చివర ఎల్బీనగర్ దాకా, పరీక్ష సమయం అయిపోయేదాకా తిరిగి ఇంటికి వచ్చాను.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?" అన్నాడు.

"మంచిగనే రాసిన నాయిన," అన్నాను.

ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చాయి. నాకు తెలియకుండా తనే ముందు చూసి చెబుదామని నా నంబరు పట్టుకుని నెట్ సెంటరుకు పోయాడు. నా పేరు పక్కన మార్కులు లేవు. గైర్హాజరు అని ఉంది. ఇంటికొచ్చి, నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"హాల్లకే పోలే?"

"పోలే నాయిన."

చేతులు తుడుచుకుని లోపలికి పోయాడు. ఆ తర్వాత నాకు చెప్పాల్సినవన్నీ అమ్మ ద్వారానే. "అండాలూ, నీ బిడ్డను మోటరు బందు వెట్టమను." "అండాలూ, నీ బిడ్డ తిన్నదా?" రెండు గదుల ఇల్లు మాది. నేను ఆయనకు చేతికందే దూరంలోనే ఉండేదాన్ని.

అమ్మ ఆ కాలంలో బాటసింగారం పండ్ల మార్కెట్లో మామిడికాయలు ఏరే పనికి పోయేది. తెల్లవారుతుండగా షేర్ ఆటో ఎక్కి, మూడింటికి చీర నిండా మామిడి సొన వాసనతో వచ్చేది. కొంగులో నాలుగు మచ్చకాయలు తెచ్చేది. "పొద్దుగాల్నించి కాయలు మోసినా గింత నొయ్యలే. మీ ఇద్దరి మాటలు మోసుడే నోరు నొస్తుంది," అనేది. ఇద్దరం నవ్వేవాళ్ళం కాదు.

కోచింగ్ సెంటరున్న బిల్డింగులోనే మూడో అంతస్తులో ప్రసన్నకుమార్ సార్ ల్యాబ్ ఉండేది. కరెంటు మీటర్లలో, లిఫ్టుల్లో, వాషింగ్ మెషీన్లలో లోపల దాగి పనిచేసే చిన్న చిన్న చిప్‌లకు ప్రోగ్రాములు రాయడం నేర్పేవాడాయన. ఎంబెడెడ్ అంటారు. అంతకు ముందు ఏడు ఒక మధ్యాహ్నం మా క్లాసు రద్దయితే తోచక మెట్లెక్కి పైకి పోయాను. అగ్గిపెట్టెంత బోర్డు మీద బియ్యపు గింజంత లైటు, నేను టైపు చేసిన అంకె ప్రకారం వెలిగి ఆరింది. అంకె మార్చాను. ఇంకో రకంగా వెలిగింది. ఆ రోజు నుంచి నా మధ్యాహ్నాలు కింది క్లాసులో కాదు, పైనే.

ఇంట్లో మాటలు ఆగిపోయాక ఒకరోజు సార్ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

"చర్లపల్లిల మా దోస్తుకు కంపెనీ ఉంది. నీళ్ల మీటర్ల బోర్డులు చేస్తరు. జూన్‌ల ఇద్దరిని తీసుకుంటుండ్రు. సర్టిఫికెట్లు చూడరు, నువ్వు చేసిన పని నలుగురికి కనవడాలె. గిది చూడు."

చూపించింది ఫెర్రీ అనే బిల్డ్ టూల్. మనం లాప్‌టాప్‌లో మనకు తెలిసే మాటల్లో ప్రోగ్రాము రాస్తాం. చిప్‌కు ఆ మాటలు రావు. మన రాతను చిప్‌కు అర్థమయ్యే ఫైలుగా కట్టి, అందులోకి ఎక్కించేది ఫెర్రీ. ఓపెన్ సోర్స్ కాబట్టి అది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడి వాళ్ళో తీరిక చేసుకుని దాన్ని బాగుచేస్తూ అందరికీ ఊరికే ఇస్తారు. మే ముప్పై ఒకటిన కొత్త వెర్షన్ రాబోతోంది. కానీ కొత్తగా వచ్చేవాళ్ళు చదివే మొదటి పేజీ నాలుగేళ్ళ కిందటిది. దాన్ని సరిచేసే మనిషి కావాలని వాళ్ళు అడుగుతున్నారు.

"ప్రోగ్రాము రాసేటోళ్లు మస్తుమంది ఉన్నరు. మొదటి పేజీ రాయమంటే ఎవ్వరు రారు," అన్నాడు సార్.

"ఎందుకు సార్?"

"వాళ్లందరికి వచ్చు. రానప్పుడు ఎట్లుంటదో మరిచిపోయిండ్రు. నీకింకా యాదుంది."

ఒక బోర్డు నా చేతిలో పెట్టి ఇంటికి పంపాడు. దానికి వైరు మాత్రం ఇవ్వలేదు. ల్యాబులో ఉన్నవే తక్కువ. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద ఒకతను ఫోను వైర్లు గుత్తులుగా వేలాడదీసి అమ్ముతుంటే ఒకటి కొనుక్కున్నాను.

ల్యాబులో కంప్యూటర్లన్నీ సార్ ముందే సిద్ధం చేసి పెట్టినవి. ఇంట్లో నాది కోచింగ్ నోట్సు కోసమని నాయిన కొనిచ్చిన పాత లాప్‌టాప్. అందులో ఏమీ లేదు. మొదటి పేజీని మొదటి వరుస నుంచి పాటించడం అప్పుడే నాకూ మొదలు. మొదటి వరుసలోనే ఆగిపోయాను. అక్కడ రాసిన కమాండు పేరు మారి రెండేళ్ళయిందట. రెండో దాంట్లో, మార్పు చేశాక లాప్‌టాప్‌లోంచి బయటికొచ్చి మళ్ళీ లాగిన్ కావాలని ఎక్కడా రాయలేదు. అది తెలుసుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. తప్పు నాదేనేమో, నాకే రాదేమో అనుకున్నాను ఆ మూడు రోజులూ. అలా అనుకోవడం అప్పటికే నాకు అలవాటైంది.

మేముండేది సరూర్‌నగర్‌లో, చెరువు వెనక గల్లీలో. పైన ఇంటి ఓనరు శేషారత్నం టీచరమ్మ. గుడివాడ వైపు ఆవిడ. నలభై ఏళ్ళు ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ వైఫై నాకు మెట్ల మధ్యదాకా వచ్చేది. ఒకరోజు ఆ మెట్ల మీద చెమటలు కక్కుతూ కూర్చుంటే తలుపు తీశారు.

"ఏంటమ్మాయ్, పెనం మీద కూర్చున్నట్టు ఇక్కడెందుకు? లోపలికి రా, ఫ్యానుంది."

లోపలికి పోయి కూర్చున్నాను. చల్లటి మజ్జిగ ఇచ్చి, నా భుజం మీదుగా లాప్‌టాప్‌లోకి చూశారు. ఏమిటో వివరించాను. నాకొచ్చిన ఇంగ్లీషుతో నేను సరిచేసిన పేజీ చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పిల్లల కాపీ దిద్దేటట్టు వేలితో వరుస పట్టుకుని చదివారు.

"ఈ 'సింప్లీ' అని ఎవరు రాశారు? సులభంగా ఇలా చెయ్యండి, కేవలం ఇలా నొక్కండి. పేజీ నిండా ఇదే."

"పాత పేజీలనే ఉంది టీచరమ్మా."

"తీసెయ్. సులభం అని మొదలుపెట్టిన పాఠం రాకపోతే పిల్లాడికి రెండు కష్టాలు. పాఠం రాలేదని ఒకటి, అంత సులభమైందే రాలేదని ఇంకోటి. రెండోదానికి ఏడుస్తారు వాళ్ళు. చూశాను నేను."

ఇద్దరం కూర్చుని అలాంటి మాటలు ఏరాం. పదకొండు దొరికాయి. ఒక్కొక్కటీ తీసేస్తుంటే నాకు ఎక్కడో ముడి విడుతున్నట్టుండేది.

ఆ మే నెలంతా మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. కింద గల్లీలో ఐస్ అమ్మేవాడి గంట, దూరంగా స్టేడియం వైపు నుంచి మైకు, అమ్మ తెచ్చిన మచ్చకాయలు కోసి ఉప్పూకారం చల్లిన పళ్ళెం. టీచరమ్మకు కంప్యూటర్ ముట్టుకోవడమంటే భయం. అయినా, "నాకు రాదు కదా, నాకంటే మంచి విద్యార్థి నీకెక్కడ దొరుకుతుంది? నేను చేస్తాను, నువ్వు నోరు మూసుకుని చూడు," అన్నారు. నేను నోరు మూసుకుని చూసేదాన్ని. ఆవిడ ఎక్కడ ఆగిపోతే అక్కడ పేజీలో ఒక వాక్యం పెరిగేది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఏది రాసినా ఆవిడ వేలు ఆ వరుస కింద ఆగిందా, ముందుకు కదిలిందా అని ఆలోచిస్తాను.

అన్నీ దాటి, పేజీలోని నాలుగో మెట్టు దగ్గర ఇరుక్కుపోయాం. బోర్డును వైరుతో లాప్‌టాప్‌కు కలపాలి. లైటు వెలుగుతుంది. తెర మీద బోర్డు పేరు కనబడుతుంది అని పేజీలో ఉంది. లైటు వెలిగేది. పేరు కనబడేది కాదు. పది రోజులు ప్రయత్నించాను. ఫెర్రీ వాళ్ళకు రాశాను. మా దగ్గర బాగానే పనిచేస్తోంది అని ఒకరు, ఇంకోసారి మొదటి నుంచి చెయ్యమని ఇంకొకరు జవాబిచ్చారు. నా బోర్డును ల్యాబుకు తీసుకుపోయి అక్కడి కంప్యూటరుకు పెడితే క్షణంలో పేరొచ్చింది. ఇంటికి తెస్తే రాదు. అంటే తప్పు నా లాప్‌టాప్‌ది, లేకపోతే నాది.

"కొత్త వెర్షన్‌కు రెండు వారాలు కూడ లేదు. చేయలేనంటే చెప్పు జ్యోతికా, వాళ్లు ఇంకెవరినన్న చూసుకుంటరు," అన్నాడు సార్, మెత్తగానే.

అది ఆ తర్వాతి ఆదివారం. నాయిన ఇంట్లోనే ఉన్నాడు. టీచరమ్మ పైన ఏసీ లేదని, మా ఇంట్లో కూలర్ ముందు చల్లగా ఉంటుందని కిందికి వచ్చారు. నాయిన గోడవైపు తిరిగి చాప మీద పడుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాం. అమ్మ గడప దగ్గర కూర్చుని చింతపండు గింజ తీస్తోంది.

"ఆఖరిసారి చేద్దాం టీచరమ్మా. కాకపోతే సోమవారం బోర్డు సార్‌కు ఇచ్చేస్త," అన్నాను.

ఆవిడ పేజీ చూసి పైకి చదువుతూ చేశారు. నాకు వినబడాలని తెలుగులోనే.

"బోర్డును కంప్యూటరుకు కలపండి. కలిపాను. లైటు వెలుగుతుంది. వెలిగింది. అంటే అంతా సరిగా ఉన్నట్టు. ఇప్పుడు పేరు కనబడుతుంది. లేదమ్మా. కనబళ్ళేదు."

"మళ్ల చేయండి."

"లైటు వెలిగింది. పేరు రాలేదు."

గోడవైపు నుంచి మాట వినిపించింది.

"అండాలూ, వాళ్లకు చెప్పు. లైటు ఎలిగితే కరెంటు ఒచ్చినట్టు. గంతే. ముచ్చట ఒచ్చినట్టు కాదు."

అమ్మ చింతపండు పళ్ళెం పక్కన పెట్టింది. "నేను చెప్ప. నాకు నోరు నొస్తుంది. నువ్వే చెప్పుకో."

నాయిన లేచాడు. గోడకు తగిలించిన సంచీలోంచి తీగలు పరీక్షించే మీటరు తీశాడు. వచ్చి మా పక్కన కూర్చుని వైరు పీకి, ఒక చివరా ఇంకో చివరా మీటరు ముళ్ళు ఆనించి చూశాడు. అంత సన్నటి కొనలకు ఆనడం లేదు. చిన్న కత్తి తీసి వైరు మధ్యలో పైతోలు కోశాడు. "అయ్యో," అన్నారు టీచరమ్మ. ఆయన పట్టించుకోలేదు. గింజ మీది తొక్క తీసినట్టు తోలు పక్కకు జరిపి కిటికీ వెలుతురుకు పెట్టాడు.

లోపల రెండు తీగలున్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది.

"ఎర్రది కరెంటు తెస్తది. నల్లది తీస్కపోతది," అన్నాడు. "ఫోను చార్జింగు పెట్టెతందుకు గీ రెండు సాలు. దుకాణంల నేను గిట్లాంటియి మస్తు కోసిన. మంచి వైరుల ఇంక రెండుంటయి, తెల్లది, పచ్చది. ముచ్చట మోసేటియి. ఏడున్నయ్ గవి?"

తలెత్తి నా ముఖంలోకి చూసి అడిగాడు. అమ్మను కాదు.

"లెవ్వు నాయిన," అన్నాను.

"లెవ్వు," అన్నాడు. "మరి నీ బోర్డు నీతో ఎట్ల మాట్లాడతది?"

అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. చింతపండు పళ్ళెం అక్కడే మరిచిపోయింది. నేను ఆ రెండు తీగల వంకే చూస్తూ కూర్చున్నాను. ల్యాబులో మంచి వైరు. ఇంట్లో ఇది. పది రోజులుగా నేను నన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.

"చెప్పులేస్కో. పోయి తెద్దాం," అన్నాడు నాయిన.

టీవీఎస్ మీద ఆయన వెనక కూర్చుని దిల్‌సుఖ్‌నగర్ పోయాను. ఎండ ఇంకా తగ్గలేదు. బట్టల షాపుల ముందు ఆదివారం జనం, రోడ్డు మీద షేర్ ఆటోలు అడ్డంగా ఆగి ఉన్నాయి. ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలోకి పోయి నాయిన గట్టిగా అడిగాడు.

"ముచ్చట మోసే వైరు ఇయ్యి."

దుకాణదారు నా వైపు చూశాడు. డేటా కేబుల్ అన్నాను. నాయిన అతను ఇచ్చినదాన్ని తిప్పి తిప్పి చూశాడు. "కోసి చూడచ్చా?" అన్నాడు. "వద్దు పెద్దాయనా, గ్యారంటీ," అన్నాడు దుకాణదారు. ఎన్నో రోజుల తర్వాత నాయిన నవ్వడం అప్పుడే చూశాను. పక్కకు తిరిగి నవ్వాడు, నాకు కనబడకుండా ఉండాలని.

తిరిగి వస్తూ చెరువు కట్ట మీద బండి ఆపాడు. నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. హ్యాండిల్ మీద చేతులు అట్లాగే పెట్టి అడిగాడు.

"ఎందుకు పోలే హాల్లకు?"

ఈ ప్రశ్నకు నేను జవాబులు చాలా తయారుచేసి పెట్టుకున్నాను. తలనొప్పి వచ్చిందని, ఆలస్యమైందని. ఒక్కటీ నోటికి రాలేదు.

"భయమైంది నాయిన."

"ఫెయిలైతవనా?"

"పాసైతనేమోనని."

ఆయన వెనక్కి తిరగలేదు. ఆయన మెడ మీద చెమట, కాలరు అంచున వార్నిష్ మరక మాత్రమే కనబడుతున్నాయి నాకు.

"పాసైతే గా కుర్సీల కూసోవాలె. మల్ల జీవితంల లేవనియ్యరు. నాకు గీ పని ఇష్టం నాయిన. చెప్పాలనే అనుకున్న. నువ్వు అప్పటికే అందరికి చెప్పినవ్."

"చెప్పిన," అన్నాడు. "పిండిగిర్నీ యాదగిరికి గుడ చెప్పిన."

"తప్పయింది నాయిన. రాసిన అని అబద్ధమాడినందుకు."

నాయిన బండి స్టార్టు చేశాడు. కొంత దూరం పోయాక, గాలిలో, "నేను గుడ అడగకపోతి," అన్నాడు. అది నాతో అన్నాడో తనలో తను అనుకున్నాడో తెలియదు. నేను మళ్ళీ అడగలేదు.

ఇంటికొచ్చి కొత్త వైరు పెడితే టీచరమ్మ వేలు ఇంకా మీట మీద ఉండగానే బోర్డు పేరు వచ్చింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. అయిదో మెట్టు కూడా ఆవిడే చేశారు. లైటు ఆగి ఆగి వెలిగింది. అమ్మ, "గీ బుడ్డ లైటుకేనా ఇంత లొల్లి?" అంది కానీ వంగి చాలాసేపు చూసింది.

ఆ సాయంత్రం నాలుగో మెట్టు కింద మూడు వరుసలు రాశాను. ఇంగ్లీషు టీచరమ్మ దిద్దారు. చాలా వైర్లు చార్జింగుకు మాత్రమే పనికొస్తాయి, సమాచారం మోయవు. లైటు వెలిగినంత మాత్రాన వైరు మంచిదని కాదు. పేరు కనబడకపోతే మీ మీదా మీ కంప్యూటరు మీదా అనుమానపడే ముందు వైరు మార్చి చూడండి.

మొత్తం పేజీ పంపాను. మార్పులు పంపేటప్పుడు ఎవరు పరీక్షించారో రాయమంటారు. రెండు పేర్లు రాశాను. శేషారత్నం, సరూర్‌నగర్. మట్టయ్య, ఎల్బీనగర్.

మూడో రోజు ఒకతని నుంచి జవాబు వచ్చింది. మిగతాదంతా బాగుంది, వైరు గురించి రాసింది తీసెయ్యమన్నాడు. అది మరీ చిన్న విషయం, అందరికీ తెలిసిందే, వైరు ఎలా కొనుక్కోవాలో చెప్పడం మన పని కాదు అన్నాడు. మర్యాదగానే రాశాడు. తీసేసి పంపేద్దామనుకున్నాను. వెర్షన్ రావడానికి అయిదు రోజులుంది. ఆ మూడు వరుసల కోసం మిగతా పేజీ ఆగిపోతే ఎట్లా?

మధ్యాహ్నం నాయినకు సద్ది తీసుకుని షాపుకు పోయాను. ఆ నలభై మూడు రోజులూ పొద్దున్నే తనే కట్టుకుని పోయాడు. ఆయన ఒక బోరు మోటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతను రాసింది తెలుగులో చెప్పాను.

"అందరికి తెల్సా?" అన్నాడు.

"గట్లనే రాసిండు."

"నీకు తెల్సా?"

"తెల్వదు."

"టీచరమ్మకు తెల్సా? ఎంత సదువుకున్న మనిషి." తీగ చుట్టడం ఆపలేదు. "తెల్సినోళ్లకైతే గా పేజీతోని పనేంది? అడుగు ఆయనను."

అదే అడిగాను. టీచరమ్మ కూడా పెద్దగా మార్చలేదు. 'ఇది తెలియనివాళ్ళ కోసం రాసిన పేజీ. నాకు తెలియక పది రోజులు పోగొట్టుకున్నాను. ఎల్బీనగర్‌లో మోటార్లు బాగుచేసే మా నాన్న వైరు కోసి చూపించేదాకా తెలియలేదు. అందరికీ తెలుసన్నప్పుడు ఆ అందరిలో మేం లేము.'

పంపాక రెండు రోజులు ఏమీ రాలేదు. గంటకోసారి పేజీ తెరిచి చూశాను. చర్లపల్లి ఉద్యోగం పోతుందని కాదు. నేను రాసినది మా ముగ్గురి పనీ అయిపోయింది కదా.

మే ఇరవై తొమ్మిదిన ప్రాజెక్టును చూసుకునే ఆవిడ తనే రాసింది. పోయిన ఏడు కొత్తవాళ్ళు అడిగిన ప్రశ్నలన్నీ తిరగేసి చూసిందట. బోర్డు పేరు కనబడటం లేదని అడిగినవాళ్ళలో మూడోవంతు మంది చివరికి వైరు మార్చుకున్నామని చెప్పి వెళ్ళిపోయారు. ఎవరికీ ఆ మాట పేజీలో పెట్టాలని తోచలేదు. 'ఇది ఉండాల్సిందే,' అని రాసి నా పేజీని ఫెర్రీ కొత్త వెర్షన్‌లో కలిపేసింది. అభ్యంతరం చెప్పినతను కూడా కింద, సరే, నేను మరిచిపోయాను, అని ఒక వరుస పెట్టాడు.

ఆ రోజు షాపుకు పోయి ఫోనులో పేజీ చూపించాను. నాయినకు ఇంగ్లీషు రాదు కానీ మోటార్ల మీది పట్టీలు చదివీ చదివీ అక్షరాలు వచ్చు. తన పేరు దగ్గర వేలు పెట్టి ఒక్కో అక్షరం పైకి చదివాడు. "ఎం. ఏ. టీ. టీ." తర్వాత ఊరి పేరు చదివాడు. ఫోను నాకు తిరిగిచ్చి, "దేశమంత చూస్తదా గిది?" అన్నాడు.

"దేశాలన్ని చూస్తయి నాయిన."

"యాదగిరికి చూపియ్యాలె," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

జూన్ మొదటి వారంలో చర్లపల్లిలో చేరాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. నేను చేరేనాటికి వానలు మొదలయ్యాయి. మామిడి కాలం అయిపోయి అమ్మ ఇంటిపట్టున ఉంది. ఇంట్లో మాటలు తిరిగి మొదలయ్యాయి కానీ ఎక్కువేం కాదు. మా నాయిన ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆ నెలలోనే ఒక ఆదివారం వాన పడుతుంటే నన్ను షాపుకు రమ్మన్నాడు. నోటుబుక్కు తెమ్మన్నాడు. షట్టరు సగం దించి, నాకు స్టూలు వేశాడు.

"నేను గుడ ఒక పేజీ రాయిస్త. రాస్తవా?"

"ఏం పేజీ నాయిన?"

"వైండింగ్‌ది. ఇగ ఎవ్వరు నేర్చుకుంటలేరు. కాలిందంటే పారేసి కొత్తది తెస్తుండ్రు. ఎన్నడన్న ఎవరన్న నేర్సుకుందామని వస్తే, నేను లేకున్న సదువుకుంటరు."

పుస్తకం తెరిచి కొత్త పేజీ తీశాను. తారీకు వేశాను. "చెప్పు నాయిన. మొదలు ఏం చేయాలె?"

బయట వాన నీళ్ళు షట్టరు కింది నుంచి లోపలికి వస్తున్నాయి. "మొదలు..." అన్నాడు. "మొదలు, అగో... గది..." ముప్పై రెండేళ్ళుగా రోజూ చేసే పని. ఏది మొదలో మాటల్లో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. సిగ్గుపడ్డట్టు నా వైపు చూశాడు.

చేతులు మాత్రం లేచాయి. ఎడమ చెయ్యి, అక్కడ లేని మోటారును ఒళ్ళోకి తీసుకుని కొద్దిగా వంచింది. కుడి చెయ్యి, అక్కడ లేని తీగ కొసను రెండు వేళ్ళ మధ్య పట్టి, సాగదీసి, ఒకసారి వదిలి, మళ్ళీ పట్టుకుంది.

"ఆగు నాయిన," అన్నాను. "జర మెల్లగ."

ఆయన మళ్ళీ మొదటి నుంచి, మెల్లగా చేశాడు. నేను ఆ చేతుల వైపు చూస్తూ రాయడం మొదలుపెట్టాను.